రెండో రీలులో చెప్పులు

పోయిన వారం మీరు నన్ను అటక కింద స్టూలు మీద నిలబెట్టి వెళ్ళిపోయారు. ఒక చేతిలో మా నాన్న రీటచింగ్ బ్రష్‌ల డబ్బా, ఇంకో చేతిలో ఆ డబ్బా అడుగున దొరికిన పాత నెగెటివ్‌లు. వారం రోజులు అలాగే నిలబడితే నా మోకాళ్ళు ఏమైపోవాలి? దిగాను లెండి. దిగి, వాటిని లైటు బల్ల మీద పరిచి చూశాను. చూడకపోయినా బాగుండేది.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. మా అన్నయ్య ఫొటోగ్రాఫరు. పేపర్లవాళ్ళు ఆయనకు పెట్టిన పేరు రాతికన్ను. రైల్వే బెంచీల మీద నోరు తెరుచుకుని నిద్రపోయేవాళ్ళను అడగకుండా తీసి పుస్తకం వేశాడు. ఆస్పత్రి వరండాల్లో ఏడ్చేవాళ్ళను తీసి గోడంత పెద్దవి చేసి వేలాడదీశాడు. కేసులు వేశారు, మా స్టూడియో బోర్డు మీద రెండుసార్లు సిరా పోశారు, బహుమతులూ ఇచ్చారు. వీటన్నిటికీ మొదలు ఒక్క ఫొటో. ఇరవై రెండేళ్ళ క్రితం బట్టలు కుట్టే కార్ఖానా ఒకటి తగలబడుతుంటే, మూడో అంతస్తు కిటికీలోంచి ఒకావిడ చెయ్యి చాపి కిందకి చూస్తోంది. ఆవిడ బతకలేదు. "చెయ్యి చాపి బతిమాలుతుంటే నువ్వు బటన్ నొక్కుతూ కూర్చున్నావా?" అని ఎవరు అడిగినా అన్నయ్యది ఒకటే జవాబు: "నాలుగు సెకన్లు. మొత్తం నాలుగు సెకన్లలో అయిపోయింది. నేనేం చెయ్యగలను?"

నేను ఆయన చెల్లెల్ని. ఇంట్లో అందరికీ చిట్టిని, యాభై దాటినా సరే. ఆయన తీసినవన్నీ డార్క్ రూమ్‌లో కడిగి ప్రింటు వేసేది నేనే. కిటికీ ఫొటోను ఇప్పటికి ఎన్నిసార్లు ప్రింటు వేశానో నాకే గుర్తులేదు. దాని నెగెటివ్ ఒక్కటే ఒక కవర్లో ఒంటరిగా ఉంటుంది. మా వృత్తిలో నెగెటివ్‌ను ఆరారు ఫ్రేముల ముక్కలుగా కత్తిరిస్తాం. ఒక్క ఫ్రేమును విడిగా కత్తిరించడం పసిపిల్లలు కూడా చెయ్యరు. "పేపర్ ఆఫీసువాళ్ళు కత్తిరించారమ్మా, బుద్ధిలేనివాళ్ళు" అని చెప్పాడు మా నాన్న. నమ్మాను. నాన్న చెబితే నమ్మనా?

నాన్న డబ్బాలో ఏముందంటే, ఒక పూర్తి రీలు, దానితోపాటు మూడే ఫ్రేములున్న ఇంకో చిన్న ముక్క. ఫిల్ము అంచున నంబర్లుంటాయి. మొదటి రీలులో ముప్పై ఒకటి నుంచి ముప్పై ఆరు వరకు ఆ కిటికీయే, ఆవిడే. చిన్నముక్క మీద ఒకటి, రెండు, మూడు. మూడోదాంట్లోనూ ఆ కిటికీయే. లోకమంతా చూసిన ఫొటో నెగెటివ్ అంచున నాలుగు అని ఉంటుంది. దాన్ని తెచ్చి చిన్నముక్క పక్కన పెట్టాను. కత్తెర ఎక్కడ వంకర పోయిందో అక్కడ రెండూ సరిగ్గా అతికాయి.

అర్థమైందా? మొదటి రీలు అయిపోయింది, రెండోది ఎక్కించారు. వెనక్కి చుట్టాలి, మూత తియ్యాలి, పాతది తీసి కొత్తది తగిలించాలి, మూత వెయ్యాలి. ఎంత చెయ్యి తిరిగినవాళ్ళకైనా నిమిషం పడుతుంది. నాలుగు సెకన్లట, నాలుగు సెకన్లు! ఆవిడ పొగలో నిలబడి ఉంటే మా అన్నయ్య కింద తాపీగా రీలు మార్చుకున్నాడు. ఒళ్ళు మండిపోయింది నాకు. ఆ తర్వాత ఏడుపొచ్చింది. ఎందుకంటే ఇంకో మూడు రోజుల్లో ఆయన నలభై ఏళ్ళ పని అంతా కలిపి పెద్ద గ్యాలరీలో ఎగ్జిబిషన్. ఇవాళ మూడింటికి ఆ కిటికీలో ఉన్నావిడ కూతురు మా ఇంటికి వస్తోంది.

మూడింటికి రమ్మంటే రెండున్నరకే బెల్లు మోగింది.

తలుపు తీశాను. ముప్పైలోపు పిల్ల, తెల్ల కోటు, జేబులో చిన్న టార్చి. కళ్ళజోళ్ళ షాపులో చూపు పరీక్ష చేస్తుందని ఫోనులోనే చెప్పింది. నా మొహం చూసిన మరుక్షణం అంది, "ఎడమ కంటికి పవర్ పెరిగింది మీకు. ఆ కన్ను చిట్లిస్తున్నారు ఆంటీ."

ఆంటీ! సరే, వయసుకు తగ్గ పిలుపే. కోపం తెచ్చుకునే స్థితిలో నేను లేను.

"ఆయన ఉన్నారా?"

"గ్యాలరీకి వెళ్ళాడు. నాలుగింటికి గాని రాడు. కూర్చో అమ్మా, టీ పెడతాను."

"టీ వద్దు. నిలబడతాను." చుట్టూ గోడల మీది ఫొటోలు చూసింది. కిటికీ ఫొటో ఇంట్లో లేదు. మా వదిన పెట్టనివ్వదు. "నేను గొడవ చెయ్యడానికి రాలేదు ఆంటీ. కోర్టుకీ వెళ్ళను, సిరా గట్రా పొయ్యను. ఫోనులో అడిగిందే అడుగుతున్నా. మా అమ్మ ఆ కిటికీలో ఎంతసేపు నిలబడింది?"

కుర్చీ ఆ అమ్మాయి వైపు జరిపాను.

"నాకు ఏడేళ్ళప్పుడు మా పిన్ని చెప్పింది, అమ్మకి ఏమీ తెలియలేదు, క్షణంలో అయిపోయిందీ అని. పదో క్లాసులో ఎవరో పుస్తకంలో ఆ ఫొటో చూపించారు. నేను రోజూ మనుషుల కళ్ళే చూస్తాను ఆంటీ. ఆ కళ్ళు క్షణం క్రితం భయపడ్డ కళ్ళు కావు. చాలాసేపటి నుంచి ఎవరినో చూస్తున్న కళ్ళు. ఎవరిని చూస్తోంది? ఆయన్నే కదా? ఆయన బటన్ నొక్కుతుంటే మా అమ్మ ఎంతసేపు చూసింది? అది చెప్పండి చాలు. చెప్పకపోతే గురువారం ఆ ఫొటో పక్కనే నిలబడి వచ్చినవాళ్ళందరినీ అదే అడుగుతాను."

నిజం చెప్పాలంటే, రాత్రంతా నేను అబద్ధం ప్రాక్టీసు చేశాను. నాలుగు సెకన్లమ్మా, చాలా బాధాకరం, అన్నయ్య ఇప్పటికీ కోలుకోలేదు. ఇన్ని మాటలూ వరసగా నాలుక చివర ఉన్నాయి. ఆ పిల్ల ఎదురుగా నిలబడి నా కళ్ళలోకి చూస్తుంటే ఒక్కటీ బయటికి రాలేదు. పాడు నోరు, అవసరానికి పనికిరాదు.

"నిమిషం పైనే," అన్నాను. "ఎంత పైనో నాకూ తెలియదు."

రీలు మార్చిన సంగతి చెప్పాను. నంబర్లు, మేం ఆరారు ఫ్రేములుగా కత్తిరించే పద్ధతి, అన్నీ చెప్పాను. వింటూ వింటూ ఆ అమ్మాయి గోడ పట్టుకుని కుర్చీలో కూర్చుంది. అరవలేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. టార్చి తీసి బటన్ నొక్కుతోంది, ఆపుతోంది, నొక్కుతోంది.

"చూపించండి," అంది చివరికి.

"ఇంకా ప్రింటు వెయ్యలేదమ్మా. నెగెటివ్‌లో నలుపు తెలుపుగా, తెలుపు నలుపుగా ఉంటుంది, అందులో మొహాలు తెలియవు. నేనే సరిగ్గా చూళ్ళేదు."

"అయితే ఇప్పుడు వెయ్యండి. నా ముందే."

వద్దని నాలుగు రకాలుగా చెప్పాను. నువ్వు చూడలేవన్నాను. అన్నయ్య వచ్చేస్తాడన్నాను. "వస్తే రానివ్వండి, ఆయన కోసమేగా వచ్చింది" అంటూ లేచి నిలబడింది. ఈ ప్రింటు వేస్తే మా అన్నయ్య పని అయిపోయినట్టే. వెయ్యకపోతే ఈ పిల్ల మొహం ఇక జన్మలో మర్చిపోలేను. ఏం చెయ్యను? డార్క్ రూమ్ తలుపు తీశాను.

మా డార్క్ రూమ్ ఒకప్పుడు స్నానాల గది. ఇద్దరు పడితే మూడో మనిషి ఊపిరి బిగబట్టాలి. గట్టు మీద మూడు ట్రేలు, ఒకదాంట్లో బొమ్మ తేల్చే డెవలపర్, ఒకదాంట్లో నీళ్ళు, ఒకదాంట్లో ఆ బొమ్మ చెరిగిపోకుండా ఆపే హైపో. తలుపు లోపల గడియ పెట్టి, తెల్ల లైటు ఆర్పి ఎర్ర బల్బు వేశాను. ఫ్రేములన్నీ ఒకే కాగితం మీద పడేలా, కాంటాక్ట్ షీటు అంటాం దాన్ని, నెగెటివ్ ముక్కలు పరిచాను. మొదటి రీలులోని చివరి ఆరు, చిన్నముక్కలోని మూడు, చివర ఆ నాలుగోది. పైన అద్దం పెట్టాను. అద్దం ఒకసారి జారింది. ఆ అమ్మాయి పట్టుకుంది. లైటు అయిదు సెకన్లు వేసి ఆర్పి, కాగితాన్ని డెవలపర్‌లో వదిలాను.

ట్రేను మెల్లగా ఊపుతున్నాను. ముందు అంచులు నల్లబడ్డాయి. తర్వాత పొగ, కిటికీ చువ్వలు, వాటి వెనక మనిషి. తపాలా బిళ్ళంత బొమ్మలు, ఎనిమిదిసార్లు అదే కిటికీ. ఆ అమ్మాయి తల ట్రే మీదికి వంచింది.

"ముప్పై రెండులో పక్కకి చూస్తోంది," అంది. "ముప్పై అయిదులో కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. ఇది నాకు తెలియదు. ఇది ఎవరూ చూపించలేదు."

నేను భుజం మీద చెయ్యి వేశాను. తీసెయ్యలేదు.

"ఇవేంటి ఆంటీ? ఎవరివో కాళ్ళు?"

"అవా? అవేం లేదమ్మా. రీలు ఎక్కించేటప్పుడు మొదటి రెండు ఫ్రేములకీ వెలుతురు తగులుతుంది, పాడైపోతాయి. వాటిని ఊరికే నొక్కి తిప్పేస్తాం. ఎటో నొక్కే బదులు మీ కాళ్ళ మీద నొక్కండర్రా, ఆ రోజు ఎక్కడ నిలబడ్డారో అదైనా తెలుస్తుంది అనేవాడు మా నాన్న. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళందరికీ అదే అలవాటు. మా అన్నయ్య ప్రతి రీలూ ఆయన బూట్లతోనే మొదలవుతుంది. వాటితో ఇంకో పుస్తకం వెయ్యొచ్చు."

"మీ అన్నయ్య లేడీస్ చెప్పులు వేసుకునేవారా?"

"ఏంటీ?"

"ఇవి ఆడవాళ్ళ చెప్పులు ఆంటీ."

భూతద్దం కోసం గట్టంతా తడిమాను. కాగితాన్ని నీళ్ళలో ముంచి హైపోలో వేసి, భూతద్దం ఆనించి వంగాను. ఒకటో ఫ్రేము సగం కాలిపోయినట్టు తెల్లగా ఉంది. రెండోది స్పష్టంగా ఉంది. తడి రోడ్డు, చీర అంచు, రెండు పాదాలు. కుడి చెప్పుకి పువ్వు బకిల్. ఎడమ చెప్పుకి బకిల్ లేదు, దాని బదులు పిన్నీసు.

ఆ పిన్నీసు పెట్టింది నేను.

అవి నా చెప్పులు. కార్ఖానా తగలబడిన రోజున నేను ఆస్పత్రిలో ఉన్నాను, మా అమ్మాయి పుట్టి రెండో రోజు. అందుకే ఆ రీళ్ళు నాన్న కడిగాడు. నేను ఇంటికొచ్చాక నా చెప్పులు కనిపించలేదు. వదినను అడిగితే "నావి తెగిపోతే నీవి వేసుకెళ్ళాను చిట్టీ, అవీ పాడైపోయాయి" అని కొత్త జత కొనిపెట్టింది. పువ్వు బకిల్ చెప్పులంటే నాకు ప్రాణం. ఏడాదిపాటు ఆవిణ్ణి సాధించాను. ఒక్కసారైనా, ఎక్కడికి వేసుకెళ్ళావు వదినా అని అడిగానా? అడగలేదు.

వదినకు కెమెరా పట్టడం వచ్చు. పెళ్ళయిన కొత్తలో నాన్నే నేర్పాడు, చెయ్యి నిలకడగా ఉందని తెగ మురిసిపోయేవాడు. తర్వాత ఎప్పుడో మానేసింది. ఇంటి చాకిరీలో తీరలేదేమో అనుకున్నాం అందరం. ఈ డార్క్ రూమ్ గడప తొక్కి ఇరవై రెండేళ్ళయిందని ఆ నిమిషం దాకా నాకు తట్టనే లేదు.

"ఆంటీ." ఆ అమ్మాయి గొంతు మారిపోయింది. "మూడోది చూడండి. కింద. పైపు మీద."

నాలుగోదాంట్లో కిటికీ ఒక్కటే ఉంది గాని, మూడో ఫ్రేము నిలువుగా తీసింది. పైన కిటికీ, కిందదాకా గోడ. గోడ వెంబడి నీళ్ళ పైపు. దాన్ని పట్టుకుని ఒక మనిషి ఎక్కుతున్నాడు. రెండో అంతస్తు దాటాడు. గళ్ళ చొక్కా, వీపు మీద అడ్డంగా సంచి, సంచి మూలకు తెల్ల తోలు అతుకు. అది అన్నయ్య సంచి, ఇప్పటికీ మా హాల్లో కొక్కేనికి వేలాడుతోంది.

సరిగ్గా అప్పుడు తలుపు మీద చప్పుడైంది.

"చిట్టీ! లోపలున్నావా?"

అన్నయ్య. ఇంకా మూడు కూడా కాలేదు.

"ఉన్నా. కాగితం బయటుంది, తలుపు తియ్యకు."

ఆ మాటంటే మా ఇంట్లో ఎవరూ తలుపు ముట్టుకోరు, ఇల్లు మునిగిపోతున్నా సరే. చిన్నప్పటి నుంచి అంతే. బయట ఆయన కుంటుతూ అటూ ఇటూ తిరుగుతున్న చప్పుడు, తర్వాత గోడకి ఆనుకున్న చప్పుడు.

"కిటికీ ఫొటోని హాలు మధ్యలో పెట్టారే. ఎదురుగా బెంచీ కూడా వేశారు, కూర్చుని చూస్తారట. నాకెందుకో అదోలా ఉంది. ఇదిగో, ఆ అమ్మాయి వస్తానంది కదా? వస్తే నేను లేనని చెప్పు. నాలుగు సెకన్లని చెప్పి పంపించెయ్. కాంటాక్ట్ షీటు, నెగెటివ్‌లు అడిగితే వానకి తడిసి పోయాయని చెప్పు. వింటున్నావా?"

ఎర్ర వెలుతురులో ఆ అమ్మాయి నన్నే చూస్తోంది. చేత్తో నోరు మూసుకుంది, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. ఛీ, ఏం బతుకు నాది అనిపించింది. హైపోలో కాగితం పడి ఎంతసేపయిందో లెక్క తప్పాను. తెల్ల లైటు వేసి గడియ తీశాను.

తలుపు తెరుచుకోగానే ఆయన ముందు నన్ను చూశాడు, తర్వాత తెల్ల కోటును, ఆ తర్వాత ట్రేను. చూపు ఇక ట్రే మీంచి కదల్లేదు.

"ఇవెక్కడివి?"

"నాన్న బ్రష్‌ల డబ్బాలో. వానకి తడిసి పోయాయన్నావుగా, పొడిగానే ఉన్నాయి."

ఒక్క అంగలో లోపలికొచ్చి హైపోలో చెయ్యి పెట్టాడు. మణికట్టు పట్టుకున్నాను. అన్నయ్య మీద చెయ్యి వెయ్యడం నా జన్మలో అదే మొదటిసారి. "ముట్టుకున్నావో, చూడు!" అన్నాను. నా గొంతే నాకు కొత్తగా ఉంది.

"మీ కాలికేమైంది సార్?" అంది ఆ అమ్మాయి.

ఆయన అలవాటు ప్రకారం "స్కూటర్ మీంచి..." అన్నాడు. అక్కడ ఆగిపోయాడు. ఆ అమ్మాయి వేలితో మూడో ఫ్రేమును చూపించింది. ఆయన వంగి చూడలేదు. చూడాల్సిన అవసరం లేదు కదా. మెల్లగా స్టూలు మీద కూర్చుని, కుంటికాలు చాపుకున్నాడు.

ఇక నన్ను ఆపడం ఎవరి తరం? "ఎక్కావా? ఎక్కావు నువ్వు! ఎక్కి, పడి, కాలు విరగ్గొట్టుకుని, ఇరవై రెండేళ్ళు రాతికన్ను అనిపించుకుంటావా? బోర్డు మీద సిరా ఎవరు కడిగారు? నేను! మా అమ్మాయిని బళ్ళో ఆ పేరుతో ఏడిపిస్తే ఎవరు పడ్డారు? మేము! ఒక్క మాట చెబితే నీ నోటి ముత్యాలు రాలిపోయేవా?"

"ఎక్కానని చెబితే, మరి ఫొటో ఎవరు తీశారని అడుగుతారు చిట్టీ."

"అడిగితే వదిన తీసిందని చెబుతావు!"

ఆయన తలెత్తాడు. "నీకు ఎవరు..."

"చెప్పులు నావి."

ఆయన చెయ్యి చాపి చుక్కలు పడుతున్న కొళాయి బిగించాడు. ఆ తర్వాత ఆయన నేలను చూస్తూ చెప్పుకుపోయాడు. రీలు అయిపోగానే కెమెరా తనతో వచ్చిన వదిన మెడలో వేసి పైపు దగ్గరికి పరిగెత్తాడట, కొత్త రీలు వదినే ఎక్కించిందట. తర్వాత ఆస్పత్రిలో కళ్ళు తెరిచేసరికి పక్కన పేపరు, పేపర్లో ఆ ఫొటో, కింద ఈయన పేరు. కెమెరా కొడుకుది కాబట్టి ఫొటో కొడుకుదే అని నాన్నే పంపించాడట. "చెబుదామనే అనుకున్నాను. ఇవాళ, రేపు అంటుండగానే బహుమతి వచ్చింది. ఆ బహుమతి చూసి పేపర్లో ఉద్యోగం ఇచ్చారు. ఆ ఉద్యోగం చూసి పుస్తకం వేస్తామన్నారు. ఏ రోజు చెప్పాలి చెప్పు? తిట్లు పడటం తేలిక చిట్టీ. ఫొటో నీది కాదు అనిపించుకోవడం నావల్ల కాలేదు."

నాకు ఆయన్ని కొట్టాలనిపించింది, పట్టుకుని ఏడవాలనీ అనిపించింది. ఏదీ చెయ్యలేదు.

"అదంతా మీ ఇంటి గొడవ సార్," అంది కళ్ళజోళ్ళ అమ్మాయి. గొంతు నిదానంగానే ఉంది. "ఫొటో ఎవరు తీస్తే నాకేంటి? ఇన్నేళ్ళూ మా అమ్మ కెమెరాకి చెయ్యి చాపింది అనుకున్నాను. మీకు చాపింది. పైకి వస్తున్న మనిషికి చాపింది. అంతవరకూ అర్థమైంది. ఒక్కటే చెప్పండి. అందిందా?"

"లేదు."

"ఎంత దూరం?"

"జానెడు." బొటనవేలూ చిటికెనవేలూ చాపి చూపించాడు. "జానెడు ఉండగా పైపు ఊడింది. పడిపోయాను. అందలేదమ్మా. అందుంటే..." తల అడ్డంగా ఊపాడు.

ఆ అమ్మాయి గోడకి జారగిలబడింది. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. "అయితే ఎవరో వస్తున్నారని అమ్మకి తెలుసు," అంది. "చివర్లో ఒంటరిగా లేదు. ఎవరో వస్తున్నారని చూస్తూనే ఉంది." ఆ మాట తనకు తానే రెండుసార్లు చెప్పుకుంది. నాకూ దుఃఖం ఆగలేదు. పోనీలే, ఇంతటితో తెమిలింది, ఈ పిల్లకి ఇంటికి తీసుకెళ్ళడానికి ఒక మాట దొరికింది అనుకున్నాను.

అనుకున్నాను గాని, అన్నయ్య ఆ పిల్ల మొహం చూడటం లేదు. ట్రే వంక చూస్తున్నాడు. చిన్నప్పుడు కెమెరా కింద పడేసి గాలికి పడిందని నాన్నకు చెప్పినప్పుడూ అలాగే చూశాడు.

ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుని షీటు మీదికి వంగింది. వెళ్ళిపోయే ముందు ఇంకొక్కసారి చూసుకుందామని కాబోలు. వేలు ఫ్రేముల అంచున నంబర్ల మీదుగా నడిచి ఆగింది. "మూడు, నాలుగు. ఆరేసి చొప్పున కత్తిరిస్తారన్నారు కదా ఆంటీ. అయిదూ ఆరూ ఏవి?"

"పోయాయి," అన్నాడు అన్నయ్య, నేను నోరు తెరిచేలోపే. "పడ్డప్పుడు కెమెరా మూత తెరుచుకుని వెలుతురు తగిలింది. పాడైపోయాయి."

పడింది ఆయన. కెమెరా వదిన మెడలో ఉంది. అదీగాక, మూత తెరుచుకుంటే అయిదు పోయి నాలుగు నిక్షేపంలా ఉండటం ఎక్కడైనా ఉందా? ముప్పై ఏళ్ళు ఫిల్ము కడిగినదాన్ని, నాకు చెబుతాడా? నా మొహంలో ఆ మాట కనిపించినట్టుంది. కళ్ళు చదివే పిల్ల మరి. నన్ను చూసింది, ఆయన్ని చూసింది, టార్చి జేబులో పెట్టుకుంది.

"సార్, నా వైపు చూసి చెప్పండి. అందలేదా?"

అన్నయ్య చూడలేదు.

అప్పుడే మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. పైన వాటాలో ఉండే వదిన, ఎప్పుడు దిగిందో, ఎంతసేపటి నుంచి వింటోందో తెలియదు. డార్క్ రూమ్ గడప దగ్గరికి వచ్చి ఆగింది. చేతిలో సూదులూ దారాలూ పెట్టుకునే రేకు డబ్బా. మూత తీసి ఉంది.

"నువ్వు పైకెళ్ళు," అన్నాడు అన్నయ్య లేవబోతూ.

వదిన ఆయన వంక చూడలేదు. ఇరవై రెండేళ్ళుగా తొక్కని గడప దాటి లోపలికి వచ్చి, ఆ అమ్మాయి ఎదురుగా నిలబడింది. డబ్బా అడుగు నుంచి ఒక చిన్న కాగితం కవరు తీసింది. ఆవిడ వేళ్ళు వణకడం లేదు. చెయ్యి నిలకడ అని నాన్న ఊరికే మురిసిపోలేదు.

"మీ అమ్మ చెయ్యి ఈయనకి అందింది తల్లీ," అంది. "పట్టుకున్నాడు కూడా. ఆ తర్వాత ఏం జరిగిందో అయిదోదాంట్లో ఉంది. ఇన్నాళ్ళూ నేనే దాచాను."

"వద్దే," అన్నాడు అన్నయ్య. అంత చిన్న గొంతు ఆయనకుందని నాకు తెలియదు. "ఆ పిల్ల ఇప్పుడే కాస్త కుదుటపడింది. వద్దు."

ఆ అమ్మాయి కవరు అందుకుంది. తెరవలేదు. ఒక్క క్షణం గుప్పిట్లో పట్టుకుని నిలబడి, తర్వాత నా చేతిలో పెట్టింది. వెనక్కి తిరిగి, మా అందరినీ లోపలే ఉంచి, తలుపు మూసి లోపలి గడియ వేసింది.

"తెల్ల లైటు ఆర్పండి ఆంటీ," అంది.